పామీరు గొంది

ఆఫ్ఘనిస్థానపు పటమును చూచినవారికి దాని ఈశాన్యమూలనుండి చైనావైపు చాచిన వ్రేలివంటి ఇరుకైన పట్టీ యొకటి కనబడును. సుమారు 350 కిలోమీటర్ల పొడవును, సన్ననిచోట్ల 15 కిలోమీటర్ల పాటి వెడల్పును గల ఈ వాఖాను సీమ ప్రకృతి యేర్పఱచినది కాదు. తమ సామ్రాజ్యములు ఒకదానినొకటి తాకకుండవలెనని ఆంగ్లేయులును, రష్యనులును 1895లో గీతలు గీచి మిగిల్చిన నేల. గీతలు గీచిన దొరలు అచ్చటి మందలనడుగలేదు, మందలవారినసలే యడుగలేదు.

ఈ గొందిలో దిగువను వాఖీలు, ఎగువను కిర్గిజులు నివసింతురు. సుమారు 3,000 మీటర్ల ఎత్తుగల లోయలో, కొండమంచు కరగగా వచ్చిన నీటిని కాలువలలోనికి మళ్లించి, రాళ్లేరి చదునుచేసిన మళ్లలో యవలు, గోధుమలు, బఠానీలు పండించుకొనువారు వాఖీలు. ఆ పంటయొక్కటే నమ్ముకొని బ్రదుకజాలరు గనుక వేసవిలో గొఱ్ఱెలను పై మేతభూములకు తోలుకొని పోవుదురు. 4,000 మీటర్లకు పైన గింజ పండదు. అచ్చట గొఱ్ఱెలను, జడలబర్రెలను, రెండు మూపురముల ఒంటెలను మేపుచు, మందపు ఉన్నికంబళ్లు కప్పిన గుడారములలో కాలము గడుపు కిర్గిజులకు పాలును, నేయియు, మాంసమును కలవు. రొట్టెకు పిండి లేదు. కావున గొఱ్ఱెయు నేయియు క్రిందికి దిగును, ధాన్యము పైకెక్కును. వాఖీలు ఇస్మాయిలీ ముస్లిములు, కిర్గిజులు సున్నీలు; ఒకరి భాష వేఱొకరిది కాదు; పరస్పరగౌరవము మెండని చెప్పుటకును వీలులేదు. ఐనను బేరము సాగుచునేయున్నది.

పూర్వము కిర్గిజులు ఎల్లలెఱుగరు. ఆఫ్ఘను, రష్యా, చైనా అను మూడు రాజ్యముల పామీరు పీఠభూములును వారి సంచారమునకొక్కటే. రష్యా విప్లవానంతరము ఉత్తరపు సరిహద్దును, చైనాలో కమ్యూనిస్టులు గెలిచిన 1949 తరువాత తూర్పు సరిహద్దును మూతపడగా, ఋతువును బట్టి వచ్చిపోవుచుండిన పీఠభూమిలోనే ఏడాది పొడవునను ఉండవలసినవారైరి. అప్పుడు వారేమి చేసిరో 1970 దశకారంభమున వారి నడుమ నివసించి పరిశోధించిన ఆఫ్ఘను మానవశాస్త్రజ్ఞుడు నజీఫ్ షహ్రానీ సవిస్తరముగ వ్రాసినాడు. మందలు చాలవఱకు కొందఱి చేతులలో చేరెను. ఆ కొందఱు వానిని 'అమానతు' పేర బీదకుటుంబములకు పంచియిచ్చిరి. పాలును ఉన్నియు పెంచువానివి, పశువు యజమానిది. ఒకేచోట నున్న మందను ఒక్క మంచుతుపాను రూపుమాపగలదు. పలులోయలకు పంచిన మంద కొంతయైనను మిగులును. బీదవాని ఆకలి తీరును, ధనికుని నష్టభయము తగ్గును, పైగా పదిమందిలో వాని మాట చెల్లును.

ఇట్టివారిని గూర్చి వ్రాయువారు 'ఎంతటి సహనశీలురు!' అని పొంగిపోవుట పరిపాటి. నాకా పొగడ్తపై నమ్మకము లేదు. కొండకు తగినట్లు బ్రదుకుట తాతముత్తాతలనాటినుండి వారెఱిగినదే. సరిహద్దు మూసివేసినందుకైన ఖర్చు మాత్రము వారిలోని బీదవారి నెత్తినే పడినది. అమానతు కడుపు నింపినది, మందల యజమానియగు ఖానునకు లోబఱచినది కూడ. దిగువనేమో, వర్తకులు తెచ్చిన నల్లమందు బాకీలక్రింద వాఖీల పశువులెన్నో తరలిపోయినవి.

1978లో కాబూలున కమ్యూనిస్టులు అధికారమునకు రాగా, కిర్గిజుల నాయకుడు రహమాన్ కుల్ ఖాను తనవారిని వేయిమందికి పైగా వెంటబెట్టుకొని కనుమలు దాటి పాకిస్థానపు గిల్గిత్తు సీమకు చేరెను. మంచుకు జంకనివారు అక్కడి వేడికిని రోగములకును తాళలేక పలువురు మరణించిరి. కొందఱు అబ్దుల్ రషీద్ ఖాను వెంట పామీరునకే మఱలిపోయిరి. తక్కినవారిని టర్కీ ప్రభుత్వము 1982లో స్వీకరించి, తుదకు వాను మండలములోని ఉలుపామీర్ గ్రామమున నిలిపినది. అచ్చటి పురుషులలో అనేకులు ప్రభుత్వజీతము పుచ్చుకొని, మఱియొక సరిహద్దుసీమలో, గ్రామరక్షకులుగ తుపాకులు పట్టిరి.