ఉచిత వైద్యానికి దారి చెప్పేదెవరు?

పత్తి చేలో మందు కొట్టొచ్చిన మనిషికి తల తిరిగి, నోట చొంగ కారుతుంటే మన పల్లెల్లో మొదట కబురు వెళ్లేది ఆర్‌ఎంపీకి. అందులో వింతేమీ లేదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనొక్కడే. వస్తాడు, సెలైన్ పెడతాడు, తెల్లారాక చూద్దామంటాడు. ఆర్గానోఫాస్ఫరస్ మందులకు విరుగుడు అట్రోపిన్. అది సెలైన్ సీసాలో ఉండదు. తెల్లారేసరికి ఊపిరందక వెంటిలేటర్ దాకా పోవచ్చు.

ఆ రాత్రి చేయాల్సింది వేరే. తడిసిన బట్టలు విప్పేసి, ఒళ్లంతా సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బా వెంట తీసుకెళ్లాలి. దాని మీద త్రికోణం రంగే విషం ఎంత తీవ్రమో చెబుతుంది. ఎరుపైతే అన్నింటికన్నా ప్రమాదం. విరుగుడేమిటో లేబుల్ మీదే రాసి ఉంటుంది. డబ్బాను గట్టున పారేసి వస్తే డాక్టరు గారు ఊహించుకుంటూ వైద్యం చేయాలి. పాము కరిచినా అంతే, మంత్రం వేయించేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో సర్కారు వైద్యం లేదనలేం. 108 వాహనాలు 2005 ఆగస్టు 15న రోడ్డెక్కాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. 104 బండిలో డాక్టరును ఊళ్లోకే పంపే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిని 2023 ఏప్రిల్ 6న ప్రారంభించింది చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలోనే. ఒంగోలులో రిమ్స్, గుంటూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఉండనే ఉన్నాయి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, రోగికి దారి చెప్పే మనిషే కరువు. ఆ ఖాళీలోకే మధ్యవర్తి దూరాడు. ఏ నర్సింగ్ హోముకు పంపితే ఎంత ముడుతుందో ఊళ్లో అందరికీ తెలిసిన రహస్యమే.

కౌలు రైతు కుటుంబం ఒకటి పుస్తెలతాడు తాకట్టు పెట్టి అడ్వాన్సు కడుతుంది. మూడో రోజున ఎవరో అడుగుతారు, ‘ఆరోగ్యశ్రీ కార్డు లేదా బాబాయ్?’ అని. కార్డుంది, బీరువాలో. పథకం నగదు రహితం. ముందు అనుమతి పడాలి గానీ, కట్టేసిన బిల్లు పట్టుకెళ్తే పథకం నడిపే ట్రస్టు డబ్బు తిరిగివ్వదు. ఇక మిగిలేది ఎమ్మెల్యే గారి ఆఫీసు, ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తు. అదే చేరిన పూటే, పథకం తరఫున ఆసుపత్రి కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్ర ఎక్కడని అడిగి ఉంటే కథ వేరు. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆ కౌంటర్ ఉండి తీరాలి. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతిస్తారు, కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు. వెంటిలేటర్ అవసరమైన పురుగుమందు కేసులూ, పాముకాట్లూ పథకంలో ఉన్నాయి. పైసలడిగితే 104కి ఫిర్యాదు చేయొచ్చు. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు అప్పుడప్పుడూ సేవలు ఆపేస్తున్న మాటా నిజమే. ఆ పాపం మాత్రం రోగిది కాదు, ఖజానాది.

పెద్దాసుపత్రికి పోతే ప్రాణంతో రామన్న భయం జనంలో ఉంది. ఊరికే పుట్టలేదది. 2015 ఆగస్టులో ఎలుకలు కొరికి పసికందు చనిపోయింది గుంటూరు జీజీహెచ్‌లోనే. మరుసటి ఏడాది డాక్టర్ గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసిందీ అక్కడే. ఈ రెండో సంగతి ఎంతమంది పల్లెటూరి వాళ్లకు తెలుసు?

అక్కడి ఓపీ దగ్గర ఓ పూట నిలబడి చూడండి. మార్కాపురం వైపు నుంచి తెల్లవారుజామున బయల్దేరిన పెద్దావిడ, పాలిథిన్ కవరులో రిపోర్టులు, కొంగు ముడిలో చార్జీ డబ్బులు. చీటీ రాయించుకుని డాక్టరును చూసేసరికి మధ్యాహ్నమవుతుంది. స్కానింగ్ ఎక్కడయ్యా అంటే ఎవరో చేత్తో అటు చూపిస్తారు. అటు వెళ్తే ఇంకొకరు ఇటు చూపిస్తారు. బోర్డులున్నాయి, ఆవిడకు చదువు రాదు. ఆసుపత్రికి ఇంకో భవనం కట్టేముందు, ఇలాంటి వాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేందుకు పది మందిని పెట్టండి. ఖర్చూ తక్కువే. శిలాఫలకం మీద పేరు పడదు, అదొక్కటే ఇబ్బంది.

మిరప కోతల కాలంలో ఇది మరీ కష్టం. కర్నూలు, ఖమ్మం జిల్లాల నుంచి ముఠాలుగా వచ్చి, చేల పక్కన గుడారాలేసుకుని ఉండే కూలీలు ఏ ఆశా కార్యకర్త జాబితాలోనూ ఉండరు. గర్భిణి ఉన్నా, సూది వేయించాల్సిన పసిబిడ్డ ఉన్నా ఇక్కడి ఏఎన్‌ఎంకు తెలియదు. కర్నూలు వాళ్ల కార్డు గుంటూరులోనూ చెల్లుతుంది, ఆ సంగతి వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. కార్డున్నా లేకున్నా ప్రభుత్వాసుపత్రి వైద్యం చేయాల్సిందే. ముఠా దిగిన రోజే మేస్త్రి గ్రామ సచివాలయానికి వెళ్లి, మనుషుల లెక్క చెప్పి రావాలి. ఆ బాధ్యత రైతుకూ ఉంది.

వ్యవసాయ శాఖకు ఒక మనవి. రైతు ఆసుపత్రికి పోయేది ఎప్పుడో ఒకసారి, పురుగుమందుల కొట్టుకు మాత్రం వారం వారం పోతాడు. కొట్టువాడిచ్చే ప్రతి బిల్లు వెనకా 108, 104 నంబర్లూ, దగ్గరలోని పీహెచ్‌సీ పేరూ తెలుగులో అచ్చు వేయించమని ఆదేశించండి. వచ్చే ఖరీఫ్ మందులు కొట్లకు చేరకముందే ఆ ఉత్తర్వు రావాలి.