మూడెకరాల రైతుకే ముందు కావాలి వీలునామా

వీలునామా ఆస్తిపరుల వ్యవహారమని మన పల్లెల్లో గట్టి నమ్మకం. 'మూడెకరాలకు లాయరెందుకు? నలుగురు పెద్దమనుషుల ముందు అనుకుంటే సరిపోదా?' అంటారు. మానవపాడు మండలంలో మిరప, పత్తి పండించే ఇళ్లలోనూ ఇదే మాట. ఇది తప్పుడు మాట. చిన్న రైతు ఇంటిని, అందులోనూ అతని భార్యను నిలువునా ముంచే మాట.

డబ్బున్న ఇంట్లో తగాదా పదేళ్లు కోర్టులో నలిగినా పొయ్యి ఆరదు. మూడెకరాల ఇంట్లో విరాసత్ (వారసుల పేరున పట్టా మార్పు) ఒక్క ఏడాది ఆగితే పట్టా చనిపోయినాయన పేరుమీదే ఉండిపోతుంది. కొత్త పంట రుణం పుట్టదు. రైతు భరోసా ఆగుతుంది. అప్పిచ్చినవాడు మాత్రం ఆగడు.

పెద్దమనుషులను తక్కువ చేయడం లేదు. బతికున్నవాళ్ల మధ్య పంపకాలు వాళ్లు చాలాచోట్ల న్యాయంగానే తెంపారు. కానీ 'పోయేముందు నాతో చెప్పిండు' అంటే అది వీలునామా కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది రాయించినవాని సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. ప్రొబేటు (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) పేరు చెప్పి భయపెట్టేవాళ్లుంటారు. మన దగ్గరి భూమిపై ఇక్కడి హిందువు రాసిన వీలునామాకు అది తప్పనిసరి కాదు.

'నామినీ ఉన్నాడు గదా' అని ఇంకో ధీమా. బ్యాంకు నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప దానికి యజమాని కాడని, ఆ సొమ్ము వారసులదేనని రామ్‌చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది.

ఇక పల్లెలో చిన్న ఎరువుల దుకాణం నడిపే ఇంటి సంగతి. అక్కడా ఇదే ముప్పు. యజమాని పోయాక బీరువాలో ప్రాంసరీ నోట్లు మిగులుతాయి. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, వెనకాల చెల్లు వేసిన తేదీలు. బాకీదారు ఇవ్వనంటే భార్య దావా వేయాలి. వారసత్వ ధ్రువపత్రమో ప్రొబేటో తేకుండా కోర్టు డిక్రీ ఇవ్వదు. నోటు తేదీ నుంచి, లేదా బాకీదారు సంతకంతో వేసిన చివరి చెల్లు నుంచి మూడేళ్లు దాటితే దావాకే కాలదోషం. కర్మకాండలు, అప్పులవాళ్ల గొడవల్లో ఆ మూడేళ్లు ఎటుపోతాయో ఆమెకు తెలియదు. మొదటి నెలలోనే ఒక లాయరు ఆ నోట్లు తిరగేసి చూస్తే ఆ సొమ్ము దక్కుతుంది. ఇద్దరు కలిసి పెట్టిన దుకాణమైతే ఇంకా కష్టం. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఒక భాగస్థుడు పోగానే భాగస్వామ్యమే రద్దవుతుంది.

వీలునామా అంటే కూతుళ్లకు ఎగ్గొట్టే ఉపాయమనుకునేవాళ్లకు ఒక మాట. కేంద్రం 2005లో మేల్కొంది గానీ, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా అన్న చట్టం మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, అప్పటికి పెళ్లయినవాళ్లను మినహాయించినా. 2005 సవరణ ఆ తేడానూ తీసేసింది. తండ్రి తన వాటానే రాయగలడు, బిడ్డ వాటాను కాదు. ఇది తెలియక రాసిన కాగితాలే రేపటి కేసులు.

లాయరు ఫీజు భయం నిజమే. కానీ 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా, ఎస్సీ ఎస్టీలకూ, ఉచితంగా లాయరును ఇవ్వాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. మిరప కోతలు మొదలయ్యే లోపే పాసుబుక్కు, బ్యాంకు పుస్తకం, నోట్లు ముందేసుకుని ఇంటివాళ్లంతా కూర్చోండి. తెలియనిది అడగడానికి న్యాయసేవల నంబరు 15100కు ఫోన్ చేయండి.