చిన్న కుక్కకు ఒక్కపూట చాలదు

సూరత్ చుట్టుపక్కల కుక్కను పెంచుకునే ఇళ్ళలో ఒక మాట శాసనంలా చెలామణి అవుతోంది: కుక్కకు రోజుకు ఒక్కసారి పెడితే చాలు. కామ్‌రేజ్ సొసైటీల్లో గుజరాతీ పొరుగువారూ ఇదే అంటారు. కరీంనగర్, వరంగల్, నల్గొండల నుంచి వచ్చి లింబాయత్, ఉధనాల్లో మరమగ్గాల మీద బతుకుతున్న మనవాళ్ళూ ఇదే అంటారు. రెండో పూట పెడితే కుక్క బలిసిపోతుందట, అలవాటు చెడిపోతుందట. మూడు కిలోల బొచ్చుకుక్కకు, నెలన్నర పిల్లకు ఈ మాటను వర్తింపజేయడం తప్పు. కొన్నిసార్లు అది ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

ఈ వాదానికి మొదటి ఆధారం వీధికుక్క. 'అది ఒక్కపూట తిని బతకడం లేదా?' అని అడుగుతారు. లేదు, బతకడం లేదు. గుజరాత్‌లో మొదటి రొట్టె ఆవుకు, చివరి రొట్టె కుక్కకు తీసిపెట్టే ఆచారం నేటికీ ఉంది. సంక్రాంతికి పిండితో లడ్డూలు చేసి మరీ వీధికుక్కలకు పెడతారు, ఈనిన కుక్కకు హల్వా వండి పెడతారు. ఎంత మంచి ఆచారం! అయితే ఒక ఇల్లు పెట్టేది ఒక్క రొట్టే అయినా, ఆ సందులో ఇళ్ళు చాలా ఉంటాయి. పొద్దున ఒక గడప దగ్గర, మధ్యాహ్నం టీకొట్టు దగ్గర, రాత్రి ఫర్సాణ్ దుకాణం మూసేవేళ మరోచోట దానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. మనం పెట్టిన ముక్క ఒక్కటే మనకు కనబడుతుంది కాబట్టి అది ఒక్కసారే తింటుందనుకుంటాం. కామ్‌రేజ్ చౌరస్తాలో తిరిగే కుక్క, నాలుగో అంతస్తులో తలుపు వేసి ఉంచిన పామెరేనియన్ కన్నా ఎక్కువసార్లు తింటోంది. లోపలున్న దానికి గిన్నె ఒక్కటే, గడపా ఒక్కటే. ఆ గిన్నెను ఇరవై నాలుగు గంటలకోసారి నింపి, వీధికుక్కను సాక్ష్యానికి పిలవడం న్యాయం కాదు.

రెండో ఆధారం తోడేలు. తోడేలు రోజుల తరబడి తినకుండా ఉండి, వేట దొరికినప్పుడు కడుపారా మెక్కుతుంది, నిజమే. కానీ కుక్క తోడేలుగా మిగలలేదు. మనిషి పంట గింజల పక్కన బతికి, పిండిపదార్థం అరిగించుకునే జన్యువు నకళ్ళను తోడేలు కన్నా ఎక్కువగా సంపాదించుకుందని 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. పైగా తోడేలు నలభై కిలోల జంతువు. మన ఒడిలో ఉన్నది మూడు కిలోలు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఒంటి బరువు తగ్గేకొద్దీ కిలోకు కావలసిన శక్తి పెరుగుతుంది. పశువైద్యులు వాడే లెక్క ప్రకారం, కదలకుండా పడుకున్నా 30 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 900 కేలరీలు కావాలి, అంటే కిలోకు 30. రెండు కిలోల కుక్కకు దాదాపు 118 కావాలి, అంటే కిలోకు 59. చిన్న కుక్క తన బరువుకు రెట్టింపు ఇంధనం ఖర్చు చేస్తుంది, దాన్ని దాచుకునే కాలేయమూ కండా మాత్రం చిన్నవి. పెరిగిన కుక్క ఎలాగో నెట్టుకొస్తుంది. పిల్ల నెట్టుకురాలేదు. కొన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది: ముందు నీరసం, తర్వాత వణుకు, తూలడం, మూర్ఛ. 'చలికి వణుకుతోంది' అని దుప్పటి కప్పిన ఇళ్ళున్నాయి. ఆ క్షణంలో కావలసింది చిగుళ్ళకు రాసే తేనె లేదా చక్కెర పాకం, వెంటనే డాక్టరు. 2017 కేంద్ర నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. అయినా నెల దాటగానే తల్లి నుంచి విడదీసిన పిల్లలు మన ఇళ్ళకు చేరుతూనే ఉన్నాయి. అప్పటిదాకా రోజంతా పదేపదే పాలు తాగిన ప్రాణికి రోజుకొక గిన్నె అన్నం పెట్టి క్రమశిక్షణ నేర్పుతున్నామనుకోవడం క్రూరత్వం. నాకు ఇంతకన్నా మెత్తని మాట దొరకడం లేదు.

చదువుకున్నవారు ఇంకొక ఆధారం చూపుతారు. అమెరికాలో 'డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్' 24 వేల పైచిలుకు కుక్కల వివరాలు తీసుకుని, రోజుకు ఒక్కసారి తినేవాటిలో కొన్ని జబ్బులు తక్కువగా కనిపించాయని 2022లో ప్రకటించింది. దీన్ని కొట్టిపారేయను. కానీ అది యజమానులు చెప్పిన వివరాల మీద, పెరిగిన కుక్కల మీద జరిగిన సర్వే. ఏది ముందో, ఏది వెనకో అది తేల్చలేదు. మధుమేహం వచ్చిన కుక్కకు ఇన్సులిన్‌తో పాటు రెండు పూటలు పెట్టమని డాక్టరే చెబుతాడు. అప్పుడు ఆ జబ్బు కుక్క రెండు పూటల వరసలోకే చేరుతుంది. జబ్బులు తగ్గడానికి ఒక్కపూట తిండే కారణమని నిరూపించలేదని పరిశోధకులే రాశారు. ఆ ముక్క వదిలేసి శీర్షిక మాత్రం పట్టుకొచ్చి మూడు నెలల పిల్ల మీద ప్రయోగిస్తే ఎలా?

ఇక బలిసిపోతుందన్న భయం. ఎన్నిసార్లు పెడుతున్నామన్నది వేరు, ఎంత పెడుతున్నామన్నది వేరు. నేను ఎక్కువ పెట్టమనడం లేదు, అదే కొలతను పంచమంటున్నాను. మూడు కిలోల కుక్కకు రోజంతటికీ 250 కేలరీల దాకా సరిపోతాయి. నెయ్యి రాసిన రొట్టె ఒక్కటే వంద దాటుతుంది. ఒక్కపూట ఇళ్ళలో నిజంగా జరిగేదేమిటి? కుక్క ఆకలితో కాళ్ళ చుట్టూ తిరుగుతుంది, జాలిపడి ఒకరు గ్లూకోజ్ బిస్కెట్, ఒకరు ఫాఫ్డా ముక్క, ఒకరు సేవ్ వేస్తారు. బలిసేది వీటివల్ల. నూనె ఎక్కువైతే క్లోమం వాచి వాంతులతో మంచాన పడేదీ వీటివల్లే. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, ఎండుద్రాక్ష, చాక్లెట్ దానికి విషమే. తెల్లవారుజామున పచ్చటి పసరు కక్కే చిన్న కుక్కల్లో చాలావాటికి ఖాళీ కడుపే కారణం. రాత్రి పడుకునే ముందు కాస్త పెడితే అది తరచుగా ఆగిపోతుంది.

సమయం లేదన్న మాట నాకు తెలుసు, మగ్గం మీద 12 గంటల షిఫ్టు సామాన్యం కాదు. కానీ రెండు పూటలు ఆ షిఫ్టుకే సరిగ్గా కుదురుతాయి: వెళ్ళేముందు ఒకటి, వచ్చాక ఒకటి. ఎండాకాలంలో పెరుగన్నం గిన్నెలో పులిసిపోకుండా పావుగంటలో తీసేయాలి, నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. పిల్లకు మూడు నెలలు నిండేదాకా నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత జీవితాంతం రెండుసార్లు. మరీ చిన్న జాతులకు, ముసలివాటికి ఇంకొకసారి అవసరమైతే డాక్టరును అడగండి. నవ్‌సారీలో పశువైద్య కళాశాలే ఉంది.

పిల్లకు పగటిపూట తిండి పెట్టే మనిషి ఇంట్లో లేకపోతే, ఉండే రోజు వచ్చేదాకా పిల్లను తెచ్చుకోకండి.