వాచీ చెప్పేది గుండె లెక్క కాదు



మార్కండేయ జయంతికి యువకుల పరుగు పందెం పెట్టాలని మన సమాజం పెద్దలు అనుకున్నారు. సంతోషం. కానీ మొన్నటి మీటింగులో ఒక మాట వచ్చింది: "డాక్టర్లు, పరీక్షలు ఎందుకు? పిల్లలకు స్మార్ట్ వాచీలు కొనిద్దాం. ఉరుకుతుంటే గుండె ఎట్లా పనిచేస్తుందో అదే చెప్తది." చప్పట్లు కూడా పడ్డాయి. మేము కొట్టలేదు. ఎందుకో చెప్తాం, ఓపికగా చదవండి.

వాచీ లెక్కపెట్టేది నాడి. అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, అంతే. ఒక్కోసారికి ఎంత రక్తం పంపిందో దానికి తెలియదు. మనం మగ్గం ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లం. నాడె ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో లెక్కపెట్టినంత మాత్రాన ఎన్ని గజాల బట్ట దిగిందో తెలుస్తుందా? పేక ఎంత దగ్గరగా పడిందో కూడా చూడాలి కదా!

గుండెదీ అంతే. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 70 సార్లు, సారికి 70 మిల్లీలీటర్లు అనుకుంటే దాదాపు 5 లీటర్లు. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న యువకుడి గుండె 20 లీటర్ల దాకా పంపగలదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని తీసుకోండి. ఇద్దరి వాచీల్లోనూ 180. ఒకడి గుండె సారికి 110 మిల్లీలీటర్లు పంపితే నిమిషానికి దాదాపు 20 లీటర్లు. రెండోవాడిది 70 దగ్గరే ఆగిపోతే 12.6 లీటర్లే. వాచీకి మాత్రం ఇద్దరూ సమానమే.

ఈ లెక్క తీసే దారిని 1870లోనే అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఒళ్లు నిమిషానికి వాడుకునే ఆక్సిజన్ 250 మిల్లీలీటర్లు, ఒక్కో లీటరు రక్తం దించి పోయేది 50 అయితే, రక్తం 5 లీటర్లు. కానీ దానికి గుండెలోంచి గొట్టం పంపి రక్తం తీయాలి. అందుకే ఒంటికి కోత లేని పద్ధతులు వచ్చాయి. సంచిలోని గాలిని మళ్లీ మళ్లీ పీల్పించి, అందులో రక్తంలో కరిగే వాయువు ఎంత త్వరగా తగ్గిందో చూస్తారు. ఎకో డాప్లర్‌తో రక్తం వేగం చూస్తారు. మెడకు, ఛాతీకి పట్టీలు అంటించి సన్నని కరెంటు పంపి చూసే పద్ధతిని 1960లలో నాసా కోసం తయారు చేశారు. ఇవి కూడా చెమటకు, ఆయాసానికి, ఛాతీ కదలికకు తడబడతాయి. తెలిసినవాడు పక్కన ఉండాలి. అట్లాంటిది, మణికట్టు మీద పట్టీ అంతా చెప్తుందన్న ప్రకటనను నమ్మి పిల్లల్ని ఉరికిద్దామా?

"ఆ యంత్రాలు మనమెక్కడ తేవాలి?" అంటారు. మేము తెమ్మనడం లేదు. ఆ కొలత ఒక్కటే ప్రాణం కాపాడదు కూడా. గుండె లయ హఠాత్తుగా తప్పితే దాన్ని ముందే పట్టుకోలేదు. మేము అడిగేది చిన్న పని. పేరు ఇచ్చే ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి. ఉరుకుతుంటే ఎప్పుడైనా ఛాతీ నొప్పి వచ్చిందా? కళ్లు తిరిగి పడిపోయావా? మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా? ఒక్కదానికి "అవును" అన్నా డాక్టరు చూడాలి. ఈసీజీ, ఎకో, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యి, ఆయన సరే అనేదాకా పరుగు వద్దు. విష్ణుపురిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, వెళ్లి అడుగుదాం. వాచీల డబ్బు దీనికి పెట్టండి. ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి మనలో పది మందికైనా నేర్పించండి.

ఇది ఒక్క పందెం సంగతి కాదు. మన పిల్లలు పోలీసు భర్తీ కోసం తెల్లవారుజామునే 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నారు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ భర్తీకి 10 కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. వాళ్లూ ఏదో ఇంటి పిల్లలే.

పదహారేళ్ల మార్కండేయుని కోసం శివుడు యముణ్ణి ఆపాడని ప్రతి ఏడూ చెప్పుకుంటాం. మన పిల్లల్ని అడగాల్సిన ఆ మూడు ప్రశ్నలు మనమే అడగాలి, వాచీ అడగదు.

వచ్చే మీటింగులో ఈ మాట ఎత్తుతాం. ఒప్పుకునేవాళ్లు రండి. ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రండి.