పాత కారుకు కొత్త కీలు

మా అన్నగారి అబ్బాయి ఇంగ్లండులో ఇంజనీరు. ఉద్యోగం ఉన్నది, ఇల్లు ఉన్నది, ఇంటిల్లిపాదీ ఎక్కి తిరగడానికి మంచి కారు ఉన్నది. అవి చాలక క్రిందటేడు మరొక కారు కొన్నాడు. దాని వయస్సు వాడి వయస్సు కంటె ఇరవై ఏళ్ళు ఎక్కువ. ఇద్దరికే చోటు. పైకప్పు గుడ్డది. "వాన వస్తే మామయ్యగారు పంపిన తువ్వాలు అద్దం సందులో కుక్కుతున్నాం, బాబాయ్" అని వాడు ఫోనులో గర్వంగా చెబుతూ ఉంటే, వెనకనుంచి మా కోడలు నవ్వు వినిపించింది. అన్నగారు మాత్రం నవ్వలేదు. "మతి లేని పని" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ కారు పేరు ఎం.జి.బి. ఇంగ్లండులో అబింగ్‌డన్ అనే ఊళ్ళో 1962లో మొదలుపెట్టి, 1980 దాకా తయారుచేశారు. మొత్తం అయిదు లక్షలకు పైగా అమ్ముడయినాయి. ధనవంతుల కారు కాదది. గుమాస్తాలూ, బడి పంతుళ్ళూ కొనుక్కుని ఆదివారాలు సరదాగా నడిపిన కారు. అందుకే ఈనాటికీ వేలకొద్దీ బ్రతికి ఉన్నాయి. 1988లో అయితే, పాత అచ్చులు వెతికి తీసి, దాని ఇనుప శరీరాన్ని మళ్ళీ కొత్తగా చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఉత్పత్తి ఆగిపోయిన ఎనిమిదేళ్ళకు కారుకు కొత్త ఒళ్ళు దొరికిందన్నమాట!

పోయిన భాగానికి బదులు అదే రకం భాగం వేయడం ఒక పని. ఉన్న భాగం కంటె మెరుగయినది తయారుచేసి వేయడం మరొక పని. మొదటిది కుట్టు విప్పి మళ్ళీ అదే కుట్టు వేయడం వంటిది. రెండవది అమ్మగారి పెళ్ళి పట్టుచీరకు కొత్త అంచు వేయించడం వంటిది. అంచు బలంగా ఉంటే చాలదు. పాత పట్టు దాని బరువు మోయగలదా అని కూడా చూసుకోవాలి. మా వాడు దిగింది ఈ రెండవ పనిలోకి. వాడికి జరిగినది చెప్పేముందు, ఆ కారు చరిత్రలోనే ఉన్న ఒక సంగతి చెప్పాలి.

1970 ప్రాంతంలో కెన్ కాస్టెలో అనే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఎం.జి.బి. ఇంజను నాలుగు సిలిండర్లది, పోత ఇనుముది, 1,798 సి.సి. దాని శక్తి 95 అశ్వశక్తులు. రోవర్ కంపెనీ వారి వద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజను ఒకటి ఉన్నది. 3,528 సి.సి., అంటే దాదాపు రెండింతలు. కాని అది అల్యూమినియంతో చేసినది కనుక బరువు మాత్రం పాత ఇనుప ఇంజనుతో ఇంచుమించు సమానం. బరువు పెరగకుండా బలం పెరుగుతుంది కదా అని ఆయన దానిని ఎం.జి.బి.లో దించాడు.

దించడంతో పని తీరలేదు. కార్బురేటర్లు ఎత్తుగా నిలిచినందున బానెట్టు మూత పడలేదు. దానికి మూపురం వంటి ఉబ్బు పెట్టవలసి వచ్చింది. అయినా కారు బాగా పరుగెత్తింది, జనం అడిగి మరీ కొన్నారు. అసలు కంపెనీవారు కూడా ఆయన కారును తెప్పించుకుని చూసి, 1973లో తామే ఎనిమిది సిలిండర్ల ఎం.జి.బి.ని విడుదల చేశారు. వారు కార్బురేటర్లను ఇంజను వెనక్కి జరిపి, మూపురం లేకుండా మూత పడేటట్టు చేశారు. వేగం పెరిగింది కనుక ముందు బ్రేకు చక్రాలను మందం చేశారు. మామూలు కారులో చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజనునుంచి వచ్చే ఇరుసు సుమారు 3.9 సార్లు తిరుగుతుంది; కొత్త కారులో దానిని 3.07కు తగ్గించారు. ఒక్క ఇంజను మారిస్తే బ్రేకు, ఇరుసు, మూత, అన్నీ తమ సంగతేమిటని అడిగాయి. 1976లో ఆపివేసేసరికి అటువంటి కార్లు 2,591 తయారయినాయి.

ఇదంతా మా వాడికి కంఠస్థం. కాని కంఠస్థం ఉండడం వేరు, చేతికి రావడం వేరు.

మొదట చిన్న పనితోనే ప్రారంభించాడు. పాత స్కూటరు నడిపిన నాన్నగార్లకు పాయింట్లు అంటే తెలుసు. రోడ్డు ప్రక్కన ఆపి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ కిక్కు కొట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఈ కారులోనూ అవే. రెండు పాయింట్ల నడుమ సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు ఉండాలి. అరిగినకొద్దీ అది మారుతుంది, ఇంజను నస పెడుతుంది. వాటి బదులు అరుగుదల లేని ఎలక్ట్రానిక్ పరికరం ఇప్పుడు దొరుకుతుంది. పాత మూత క్రిందనే అమరుతుంది. కాని ఒక తిరకాసు ఉన్నది. 1967 వరకూ వచ్చిన ఎం.జి.బి.లలో బాటరీ ధన ధ్రువాన్ని కారు శరీరానికి కలిపేవారు. ఆ తరువాత వాటిలో ఋణ ధ్రువాన్ని కలిపారు. ఒకదానికి చేసిన పరికరం మరొకదానిలో పెడితే క్షణంలో కాలిపోతుంది. మా వాడి కారు 1971 నాటిది. చూసుకునే పెట్టాడు. బాగా పనిచేసింది. దానితో ధైర్యం వచ్చింది.

తరువాత కన్ను ముందు చక్రాల మీద పడింది. చక్రం గుంతలో పడితే స్ప్రింగు ఊగుతుంది. ఆ ఊపును అణచడానికి షాక్ అబ్సార్బరు ఉంటుంది. ఇప్పటి కార్లలో అది సైకిలు పంపులాగ పొడుగ్గా ఉంటుంది. ఎం.జి.బి.లో అలా కాదు. నూనె నింపిన ఇనుప డబ్బా ఒకటి, దానినుంచి బయటికి వచ్చిన చేయి ఒకటి. నూనె కారిపోతే కారు ఉయ్యాలవుతుంది. మా వాడు దానిని పీకివేసి పంపు రకం పెడదామనుకున్నాడు. విప్పి చూస్తే తెలిసింది, ఆ చేయి ఊపును అణచడమే కాదు, చక్రాన్ని పైనుంచి పట్టుకుని నిలబెట్టేదీ అదే! పీకేస్తే చక్రానికి పైపట్టు ఉండదు. ఒకే జీతంమీద రెండు ఉద్యోగాలు చేస్తున్న గుమాస్తాను "ఇతనెందుకు?" అని తీసివేయబోయినట్టయింది.

సరే, పాత డబ్బాను పట్టుకోవడానికి మాత్రం ఉంచి, ప్రక్కన కొత్త పంపు బిగించేందుకు ఇనుప రేకుతో ఒక పట్టీ తయారుచేశాడు. ఈ పద్ధతి అక్కడ కొత్తది కాదు, చాలా మంది చేసినదే. కాని తన పట్టీ తక్కువ ఖర్చులో అవుతుంది, అరగంటలో బిగించవచ్చు. కారు నడిపాడు. రాయిలాగ నిలకడగా ఉన్నది. పాత కార్ల సంఘంలో ఇద్దరు మిత్రులు అడిగితే వారికీ ఒక్కొక్క జత చేసి ఇచ్చాడు.

ఆరు వందల మైళ్ళు తిరిగాక తన కారులో పట్టీకి, బోల్టు రంధ్రం దగ్గర, వెంట్రుక వంటి పగులు కనిపించింది. "రేకు పలచన" అనుకుని నాలుగు మిల్లీమీటర్ల రేకు తీసి ఆరు మిల్లీమీటర్లది వేశాడు. ఈసారి రేకు పగలలేదు, బోల్టు వంగింది. నాకు ఫోను చేశాడు. నాకు కార్లు తెలియవు. కాని నేను కొన్నాళ్ళు నూనె మిల్లులో లెక్కలు వ్రాశాను. అక్కడ మిల్లు మేస్త్రీ ఒక మాట అంటూ ఉండేవాడు. అదే చెప్పాను: "విరిగినదాన్ని లావు చేయకురా, విరిచినదెవరో చూడు."

వాడు ఆ రాత్రి స్ప్రింగు తీసివేసి, చక్రాన్ని జాకీతో పైకెంత వెళుతుందో అంత పైకి, క్రిందికెంత దిగుతుందో అంత క్రిందికి నడిపి చూశాడు. రహస్యం బయటపడింది. అంతకుముందు కొలతలు కారు నేలమీద నిలబడి ఉండగా తీసుకున్నాడు. నిలబడిన కారుకు పంపు సరిపోయింది. పెద్ద గుంతలో చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు మాత్రం, చక్రం రబ్బరు దిమ్మెకు తగిలి ఆగకముందే పంపు అడుగంటిపోతున్నది. అప్పుడు కారు బరువంతా ఆ పట్టీ మీదే సుత్తిదెబ్బలాగ పడుతున్నది. లోపం రేకులో లేదు, పంపు పొడవులో ఉన్నది. పొట్టి పంపు తెచ్చి, పట్టీని కాస్త పైకి జరిపితే తీరిపోయింది.

తన కారు సంగతి తీరింది. ఆ మిత్రులిద్దరి మాట? అప్పటికి శుక్రవారం రాత్రి పదకొండు గంటలు. వారిలో ఒకాయన మర్నాడు పొద్దున కూతురిని ప్రక్కన కూర్చోబెట్టుకుని సముద్రతీరానికి వెళుతున్నాడు. "సోమవారం చెబితే ఏం, బాబాయ్? పాత రేకు ఆరు వందల మైళ్ళు ఆగింది కదా. వాళ్ళది ఇంకా రెండు వందలు కూడా తిరగలేదు" అన్నాడు. నేను ఏమీ అనలేదు. కొంతసేపు వాడూ ఏమీ అనలేదు. "ఉంటాను" అని పెట్టేశాడు.

మర్నాడు మా కోడలు చెప్పింది. ఆ రాత్రే ఇద్దరినీ నిద్ర లేపాడట. నాది తప్పు, కారు తీయవద్దు అన్నాడట. ఒకాయన మర్యాదగా థాంక్సు చెప్పాడు. కూతురున్న ఆయన మాత్రం గట్టిగానే కేకలు వేశాడట. మా వాడు ఉదయమే పనిముట్లు తీసుకుని వెళ్ళి, పట్టీలు విప్పి, పాత పద్ధతికి మార్చి, మధ్యాహ్నానికి వాళ్ళను సముద్రానికి సాగనంపి వచ్చాడు.

ఇప్పుడు వాడి కారు కొత్త పట్టీతో మూడు వేల మైళ్ళు తిరిగింది. పగులు లేదు. అయినా ఇంకెవరికీ ఇవ్వలేదు. చలికాలం కూడా గడవనీ అంటున్నాడు. అక్కడ మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు, ఇనుము ఎలా తట్టుకుంటుందో చూడాలట. కేకలు వేసిన ఆ మిత్రుడే అందరికంటె ముందు అడుగుతున్నాడట, "నా జత ఎప్పుడిస్తావు?" అని.

ఈ సంగతి అన్నగారికి చెప్పాను. "మతి లేని పని" అని మళ్ళీ అన్నారు. కాసేపాగి, "ఆ రాత్రే చెప్పాడా?" అని అడిగారు. అవునన్నాను. కళ్ళజోడు తుడుచుకుని పేపరు చేతిలోకి తీసుకున్నారు గాని, చాలాసేపు పేజీ మాత్రం తిప్పలేదు.