ఆకాశంలో లెక్క లేని మోతాదు

ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే టెక్నీషియన్ చొక్కాకు ఒక బ్యాడ్జి ఉంటుంది. ఒంటికి తగిలిన రేడియేషన్ ఎంతో అది పట్టి ఇస్తుంది. అణు విద్యుత్ కేంద్రంలోని కార్మికుడికీ అంతే. సగటున వాళ్లిద్దరికంటే ఎక్కువ రేడియేషన్‌కు గురయ్యే అమెరికా విమాన సిబ్బందికి మాత్రం బ్యాడ్జి తప్పనిసరి కాదు, మోతాదు రాసిపెట్టడమూ తప్పనిసరి కాదు. ఇంతకు మించరాదని చట్టం గీసిన హద్దు కూడా లేదు. రేడియేషన్ మధ్య పనిచేసే ఉద్యోగులందరిలో వీరి సగటే అత్యధికమని, అది ఏడాదికి 3.07 మిల్లీసీవర్టులని 2009లో తేల్చింది ఏదో కార్మిక సంఘం కాదు, ఆ దేశపు జాతీయ రేడియేషన్ రక్షణ మండలే.

ఈ రేడియేషన్ అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలది. వాటి నుంచి మనల్ని కాచేవి వాతావరణం, భూ అయస్కాంత క్షేత్రం. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ధ్రువాల వైపు జరిగేకొద్దీ అయస్కాంత రక్షణ సన్నగిల్లుతుంది. ఉత్తర ధ్రువం మీదుగా 35 వేల అడుగుల ఎత్తున సాగే విమానంలో ఈ రెండు లోట్లూ ఒకేసారి మీద పడతాయి. కాన్పు కోసం కూతురి దగ్గరికి వెళ్లివచ్చే అమ్మమ్మకు దీనివల్ల భయపడాల్సింది ఏమీ లేదు. ఆమెకు మంచినీళ్లు అందించే ఉద్యోగిని ఆ ఎత్తులోనే ఏళ్ల తరబడి బతుకుతుంది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్‌కు ఇది తెలియక కాదు. సిబ్బందికి ఈ ముప్పు గురించి శిక్షణ ఇవ్వాలని 1994లోనే సర్క్యులర్ రాసింది. ఏ మార్గంలో ఎంత మోతాదో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఓక్లహోమా సిటీలోని దాని సొంత సంస్థే తయారుచేసింది. గర్భిణి ఉద్యోగికి మొత్తం 1 మిల్లీసీవర్టు, ఏ నెలలోనూ 0.5 దాటరాదని చెప్పిందీ అదే. కానీ అదంతా సిఫారసే. పాటించకపోతే అడిగే నాథుడు లేడు. కడుపులో బిడ్డ భద్రతను యజమాని మంచితనానికి వదిలేయడాన్ని నియంత్రణ అని ఎలా అనగలం?

2005 జనవరిలో సూర్యుడిపై వరుస విస్ఫోటాలు జరిగినప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 26 విమానాలను అనుకూలమైన ధ్రువ మార్గాల నుంచి తప్పించింది. ప్రధాన కారణం, అక్కడ రేడియో సంబంధాలు తెగిపోయే ప్రమాదం. సరైన నిర్ణయమే. రేడియో మూగబోతుందంటే దారి మళ్లించే వ్యవస్థకు, లోపలున్న మనుషుల ఒంట్లో ఎంత చేరిందో రాసిపెట్టడం మాత్రం భారమైంది.

ఖర్చు, సాంకేతిక కష్టం అనే సాకులు ఇక్కడ నిలవవు. విమాన సిబ్బందిని వృత్తిరీత్యా రేడియేషన్‌కు గురయ్యేవారిగా గుర్తించాలని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 1990 నాటి సిఫారసుల్లోనే చెప్పింది. ఏడాదికి 1 మిల్లీసీవర్టు దాటే అవకాశముంటే మోతాదు అంచనా వేయాలని, ఎక్కువ తగిలినవారి డ్యూటీలు సర్దాలని ఐరోపా 1996లో ఆదేశమిచ్చింది. జర్మనీలో 2003 నుంచి లెక్కలు నమోదవుతున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ పైలట్‌కు సాధ్యమైనది షికాగో పైలట్‌కు ఎందుకు కాదు?

క్యాన్సర్‌కు, ఈ కిరణాలకు సంబంధం రుజువు కాలేదు కదా అంటారు. 5,366 మంది కేబిన్ సిబ్బందిని పరిశీలించి హార్వర్డ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో రొమ్ము, చర్మ క్యాన్సర్లు సాధారణ జనంలో కంటే ఎక్కువగా కనిపించాయి. నిద్రవేళలు తారుమారు కావడం వంటి కారణాలూ ఉండవచ్చు. దేని వాటా ఎంతో తేలాలంటే ఒక్కొక్కరి మోతాదు చరిత్ర కావాలి. రికార్డు పెట్టకుండా రుజువు అడగడం అన్యాయం.

2019 ఆగస్టు 15న ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఉత్తర ధ్రువం మీదుగా వెళ్లింది. అందరం గర్వపడ్డాం. అటువంటి మార్గాల్లో పనిచేసే మన సిబ్బందికి ఏటా ఎంత మోతాదు తగులుతోందో మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ బహిరంగంగా చెప్పాలి. ప్రతి ఉద్యోగికీ తన లెక్క తాను చూసుకునే హక్కును చట్టంలో రాయాలి.