మేతబీళ్ళ లెక్క ఎవరు చూడవలయును?

మన సహకార సంఘపు లెక్కలను కార్యదర్శియే వ్రాసి, తానే తనిఖీచేసి, సరిగానున్నవని తానే సంతకముపెట్టి మహాసభకు తెచ్చెననుకొందము. సభ్యులలో ఒక్కరైనను ఒప్పుకొందురా? ఆయన యెంత నిజాయితీపరుడైనను ఒప్పుకొనరు. ఇది ఆయనమీది అనుమానముచేత కాదు. ఎవరి పనిని వారే కొలిచికొనుట తగదను ఎఱుకచేత. అందుచేతనే 1912 నాటి సహకార సంఘముల చట్టము, ప్రతి సంఘముయొక్క లెక్కలను సంవత్సరమునకు ఒకసారియైనను రిజిస్ట్రారుగాని, ఆయన అధికారమిచ్చినవారుగాని ఆడిట్ చేయవలయునని శాసించినది. సహకారోద్యమము నూఱేండ్లకు పైబడి నిలిచియుండుటకు ఈ నియమమొక కారణమని మా నమ్మకము.

రూపాయికి ఇంత కాపలా పెట్టిన మనము ఊరుమ్మడి మేతభూమికి ఏ కాపలాయు పెట్టలేదు. బంచరాయి యనుడు, మందబయలనుడు, గైరాన్ అనుడు, ఏ పేర పిలిచినను ఇది యొకరి సొత్తు కాదు, అందఱి యవసరము. దీనిని బాగుచేయుటకు కందకములు త్రవ్వుట, వాగులకు అడ్డుకట్టలు వేయుట, గడ్డివిత్తనము చల్లుట, కొంతకాలము మేపు మాన్పించుట మొదలగు పథకములు ఎన్నియో వచ్చినవి, వచ్చుచున్నవి. పని ముగిసిన పిమ్మట ఫలితమును గుఱించి నివేదిక వ్రాయువారెవరు? తఱచుగా ఆ పని చేసినవారే. ఈ పద్ధతి మాఱవలయునని మా అభిప్రాయము.

ఇతరులను నిందించుటకై ఈ మాట వ్రాయుటలేదు. మేమును ఆ తప్పు చేసినవారమే. కొన్నియేండ్ల క్రిందట రాయలసీమలోని యొక గ్రామమున మేతబీడు బాగుసేతకు డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసితిమి. కందకముల పొడవు కొలిచితిమి. నాటిన మొక్కలను లెక్కించితిమి. ఆ యేటి మంచి వానలకు మోకాలెత్తు గడ్డి పెరుగగా దానిముందు నిలిచి ఫోటో తీయించుకొంటిమి. నివేదికలో ‘విజయవంతము’ అను మాట వ్రాసినది మా చేయియే. మఱునెలలో ఒక ముసలి గొఱ్ఱెలకాపరి ఆ బీడులోనే మమ్ము కలిసికొని, “అయ్యా, వాగు అవతల మిట్టమీద ఎవరూ కందకం తవ్వలేదు గదా. అక్కడా ఇంతే గడ్డి మొలిచింది. అది ఎవరి పుణ్యం?” అని అడిగెను. మేము పోయి చూచితిమి. అతడు చెప్పినది నిజమే. గడ్డి పెంచినది వాన. పేరు తెచ్చుకొన్నది మేము. మఱుసటియేడు వాన తప్పగా వాగు కిరుప్రక్కలను నేల ఒక్కతీరుగనే బోసిపోయినది. మేము చదివిన మిషను పాఠశాలలో లెక్కల జవాబులను ఒకరి పలక నొకరికిచ్చి దిద్దించెడివారు. తన పలక తానే దిద్దుకొన్నవానికి ఎన్నడును తప్పు కనబడదని మా ఉపాధ్యాయులు నవ్వుచు చెప్పెడివారు. ఆ పాఠము మాకు నడివయసున ఆ బీడులో మఱల చెప్పబడినది.

పంటచేనికంటె మేతబీడు విషయమున ఈ పొరపాటు సులభముగా జరుగును. అనంతపురము ప్రాంతమున సగటు వర్షపాతము సంవత్సరమునకు 550 మిల్లీమీటర్లకు అటునిటు. అదియైనను ఒకయేడు కురిసి ఒకయేడు తప్పును. కఱవునాడు ఒకసారి చూచి, వానలు కురిసిననాడు మఱియొకసారి చూచి, నడిమి తేడా యంతయు పథకమువలన కలిగినదనుట మనలను మనమే మోసగించుకొనుట. పచ్చదనమును నమ్మరాదు. తొలకరికి మొలిచి కార్తికమునకే ఎండు గడ్డియు పచ్చగనే యుండును. పశువు మూతిపెట్టని వెంపలియు, తంగేడును పచ్చగనే యుండును. సర్కారుతుమ్మ అన్నిటికంటె పచ్చగనుండును. అడుగవలసిన ప్రశ్నలు వేఱు. వేళ్ళూని యేటేట చిగిర్చు దుబ్బుగడ్డి పెరిగినదా, తఱిగినదా? గడ్డిలేక బయటపడిన నేల నూటికెన్ని పాళ్ళు? ఎండకాలమున మందకు ఆ బీడు ఎన్నిదినముల మేత యిచ్చినది?

మఱియొక మోసము కంచెలో గలదు. నూఱెకరములకు కంచెవేసి పశువులను తోలివేసిన, లోపల గడ్డి పెరుగక మానదు. కాని ఆ మందలు గాలి మేసి బ్రతుకవు. ప్రక్కయూరి బీడును రెండింతలు కొఱుకును. కంచెలోపల మాత్రమే చూచినవానికి లాభమే కనబడును. ఆ కంచెవలన మేతకు దూరమైనవారెవరు? చేనును, చొప్పవామియు గలవారు కారు. నాలుగు మేకలుతప్ప మఱేమియులేని పేదరాలు, పుల్లలేఱుకొని పొయ్యి వెలిగించుకొను ఇల్లాలు. వారి నడుగని నివేదిక సగము నివేదిక.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికశాస్త్రజ్ఞులు ఎన్. ఎస్. జోధాగారు 1986లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ స్మరణీయము. ఆంధ్రప్రదేశముతో గూడ 7 రాష్ట్రములలో 80కి పైబడిన గ్రామములను పరిశీలించి, 1950-52 మొదలు 1982-84 లోపల ఊరుమ్మడి భూముల విస్తీర్ణము ప్రాంతమునుబట్టి నూటికి 31 మొదలు 55 పాళ్ళవఱకు తగ్గినదని వారు చూపిరి. ఆ భూములమీద ఎక్కువగా ఆధారపడియున్నవారు బీదలే యనియు తేల్చిరి. ఇట్లు మిగిలిన కొంచెము భూమి నిజముగా బాగుపడుచున్నదో లేదో తెలియకుండుట మనకు తగునా?

నిజమైన పరీక్ష యెట్లుండునో చూపుటకు దూరదేశపు దృష్టాంతమొకటి చెప్పుదుము. ఆఫ్రికా ఖండమున నైరృతిమూలనున్న నమీబియా దేశమున, ఉత్తరభాగమున, ఉమ్మడి బీళ్ళలో పశువులను మేపుకొనువారు అనేకులు. వాన నిలుకడలేమి మన మెట్టసీమల కెంతో వారికిని అంతే. అమెరికా ప్రభుత్వపు మిలీనియం ఛాలెంజ్ కార్పొరేషన్ ధనసహాయముతో 2010 మొదలు 2014 వఱకు అచ్చట నొక పెద్ద పథకము నడిచినది. ఇంటింటి పశువులను ఒక్క మందగా కూర్చుట, బీడును భాగములుచేసి వంతులవారీగా మేపుట, పశువుల పోషణయు అమ్మకమును నేర్పుట, గ్రామస్థులలో కట్టుబాటు కలిగించుట దాని పనులు. ఏ ప్రాంతములు పథకమున చేరవలయునో, ఏవి పోల్చిచూచుటకై విడిగా నుండవలయునో చీటీలు తీసినట్లు ముందే నిర్ణయించిరి. కనుక మంచి నేలను, మంచి మనుష్యులను ఏఱుకొని గొప్ప చూపుటకు వీలులేకపోయినది. ఫలితములను కొలుచుటకు పరిశోధకులు వేఱుగా నుండిరి.

2022లో వారు ప్రకటించిన ఫలితము ఆలోచింపదగినది. జనుల నడవడిని, కట్టుబాట్లను 13 సూచికలతో కొలువగా, 8 సూచికలలో గొప్ప మేలు కనబడినది. పథకము ముగిసిన తరువాతను ఆ మేలు నిలిచినది. అక్కడితో లెక్క ముగించియున్నచో అందఱును చప్పట్లు కొట్టియుందురు. కాని వారు బీడును, పశువును, ఇంటి రాబడిని గూడ కొలిచిరి. అక్కడ మేలు లేదు. కొన్నింట కీడే కనబడినది. పథకమున చేరనివారి మందలు వచ్చి కాపాడుకొన్న గడ్డిని మేసిపోవుచుండగా ఆపుటకు గ్రామస్థులకు చేతగాకపోవుటయు, నేల అంతత్వరగా మాఱునది కాకపోవుటయు కారణములు కావచ్చునని వారు వ్రాసిరి.

ఆ ధనము వ్యర్థమైనదని కొందఱనవచ్చును. మేమట్లనము. మనుష్యులు మాఱినను నేల మాఱకపోవచ్చునని, పొరుగుమందతో ఒడంబడిక లేనిదే మన కట్టుబాటు నిలువదని ఆ పరీక్ష లోకమునకు తెలిపినది. వేసవిలో వలసమందలు తిరుగు మన సీమలకు ఇంతకంటె పనికివచ్చు మాట యేమున్నది? పథకము నడిపినవారే నివేదిక వ్రాసియున్నచో ఈ మాట మనకు చేరియుండునా?

స్వతంత్ర పరీక్షకు ఖర్చగునని ఆక్షేపింతురు. అగును. ఆడిట్‌కును ఖర్చగుచున్నది, అందుచేత ఆడిట్ మానితిమా? చెడు ఫలితము బయటపడిన ధనమిచ్చువారు చేయి ముడుచుకొందురని భయపడుదురు. ఆ భయము పాడది కాదు. పాటుపడు కార్యకర్తల జీతములు దానిపై నున్నవి. అయినను కల్ల లెక్కతో వచ్చిన ధనము అదే కందకములను మఱల త్రవ్వించును గాని మేత పెంచదు.

బయటివారు చూచినంతమాత్రమున పరీక్ష స్వతంత్రమైనదని చెప్పుటకును వీలులేదు. శ్రావణమాసమున కారులో దిగి, పూలదండ వేయించుకొని, బాటప్రక్కనున్న మేలైన మడిని చూచి, పథకమువారి యింట భోజనముచేసి పోవు పరీక్షకులను మేమెఱుగుదుము. పరీక్షకుడు ఎక్కడ చూడవలయునో తానే నిర్ణయించుకొనవలయును. ఎండకాలమున గూడ రావలయును. కాపరులతో అధికారులు లేనిచోట మాటలాడవలయును. అతని వేతనము పని చేసినవారి చేతినుండి రాకూడదు.

కావున మన సంఘముల కొక మనవి. మీ యూరి మేతబీడులో ఏ పథకము మొదలిడినను, గడ్డపాఱ దిగకముందే మూడు పనులు చేయించుడు. మొదటిది: బీడులో చీటీవేసి యెన్నుకొన్న పదిచోట్ల చదరపు మీటరు చట్రముపెట్టి గడ్డి కోసి, ఎండబెట్టి, తూచి, దుబ్బుగడ్డి యెంతో తక్కినది యెంతో విడిగా పుస్తకమున వ్రాయించుడు. రెండవది: అటువంటి నేలయే కొంత పథకము తాకకుండ విడిచి, దానిని గూడ అట్లే తూచి, ఊరి వానలెక్కతో కలిపి 5 సంవత్సరములైనను యేటేట వ్రాయించుడు. మూడవది: తుదిలెక్క చూచువారు పథకమున జీతముగొన్నవారు కాకుండునట్లును, వారి నివేదిక మంచియైనను చెడుయైనను తెలుగున గ్రామసభలో కాపరులయెదుట చదువబడునట్లును తీర్మానము చేయించుడు.

మా పాత నివేదికను మార్చుట నేడు మా చేతిలో లేదు. వాగు అవతలి మిట్టను గూడ తూచి వ్రాయు పుస్తకమొకటి ప్రతి సంఘమునను రాబోవు మహాసభలోపల తెఱువబడవలయునని కోరుచున్నాము. తూచు పద్ధతి చూపుటకు ఏ యూరివారు పిలిచినను వచ్చెదము.